ఆ ఫోటోలో ఉన్నామె ఎవరో తెలిస్తే చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ పేపర్లో సిటీలో కొత్తగా వస్తున్న థీమ్ రెస్టారెంట్ల మీద పెద్ద ఫీచర్ వేశారు. జైలు గదిలో కూర్చుని మండీ తినేది, బొమ్మ రైలు ప్లేట్లు మోసుకొచ్చేది, విమానం సీట్లలో కూర్చోబెట్టేది, అన్నీ రాశారు, ఫోటోలు కూడా బాగున్నాయి. అందులో లేనిది ఒకటి చెప్దామని ఈ లెటర్ మొదలుపెట్టాను, చెప్దామని కూడా కాదు, నిజానికి ఒక సాయం అడుగుదామని. కాస్త పొడుగైంది. జాగా లేదనుకుంటే నా సోది అంతా కోసేయండి గానీ చివర్లో ఫోటో గురించి రాసిన నాలుగు ముక్కలు మాత్రం దయచేసి ఉంచండి.

మాది నల్లకుంట. బ్యాంకులో చేసి రిటైరయ్యాను. మా అమ్మకి 81, హన్మకొండ పక్కన పల్లెటూరు, ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. మావాడు కొండాపూర్‌లో సాఫ్ట్‌వేర్, ప్రమోషన్ వచ్చిందని పోయిన ఆదివారం అందరికీ ట్రీట్ అన్నాడు. బిర్యానీ అయితే సరే అన్నాను. "బిర్యానీ ఎప్పుడూ ఉండేదే మమ్మీ, అమ్మమ్మకి మెక్సికన్ తినిపిస్తా" అని జూబ్లీహిల్స్ వైపు ఒక చోటికి తీసుకెళ్ళాడు. పేరు రాయను, రాసినా మీరు వేయరు, పైగా వాళ్ళ మీద నాకు పగేం లేదు.

ఆ హోటల్ తలుపే ఒక పెద్ద పుర్రె. నోరు తెరుచుకుని ఉంటుంది, పైపళ్ళు కిందపళ్ళ మధ్య నుంచి మనం లోపలికి పోవాలి. మా అమ్మ అక్కడ ఆగిపోయింది. కొత్త ఇంటికి పోయినా కొత్త షాపుకి పోయినా కుడికాలు పెట్టి పోయే మనిషి, "గిండ్లకు ఏ కాలు వెట్టి పోవాలె బిడ్డా" అని అడిగింది. మా వాడు నవ్వి ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు, ఏ కాలు పడిందో నేను చూడలేదు.

లోపల గోడలు నల్లగా ఉన్నాయి. పైన సీలింగ్ మొత్తం ప్లాస్టిక్ బంతిపూల దండలు, వాటి మధ్య కత్తిరించిన రంగు కాగితాల తోరణాలు, మన పందిళ్ళకు కడతాం చూడండి అలాంటివి కానీ డిజైన్లన్నీ ఎముకలు. టేబుళ్ళు శవపేటికల ఆకారంలో పైన అద్దం. కుర్చీల వీపులు సమాధి రాళ్ళలాగా, ఒక్కోదాని మీద స్పానిష్‌లో ఒక్కో పేరు. టోపీలు పెట్టుకుని గిటార్లు పట్టుకున్న అస్థిపంజరాలు ఒక మూల బ్యాండు. సర్వ్ చేసే పిల్లలందరికీ మొహాన పుర్రె రంగులు. మా అమ్మ కూర్చున్నాక వెనక్కి తిరిగి ఆ రాయిని తడిమి, "గోరీ మీద కూసోవెట్టి బువ్వ వెడ్తరా గిక్కడ" అంది. కోపంగా అనలేదు, రైల్వే స్టేషన్లో ప్లాట్‌ఫారమ్ నంబర్ అడిగినట్టు అడిగింది.

నాకు వింతగా అనిపించలేదు ఎందుకంటే ఆ పండగ నేను దగ్గర్నుంచి చూసొచ్చాను. మా అమ్మాయి వాళ్ళు అమెరికాలో డెన్వర్ పక్కన అరోరాలో ఉంటారు, 2024లో జూన్ నుంచి నవంబర్ దాకా అక్కడే ఉన్నాను. వాళ్ళ పక్కింటావిడ మెక్సికోలో పుయెబ్లా వైపు నుంచి వచ్చిన మనిషి, నాకు ఇంగ్లీష్ సగం వచ్చు ఆవిడకి సగం వచ్చు, ఇద్దరిదీ కలిపితే ఒక ఇంగ్లీష్ అయ్యేది కాబట్టి బాగానే మాట్లాడుకునేవాళ్ళం. నవంబర్ 1, 2 తేదీల్లో వాళ్ళకి చనిపోయినవాళ్ళ పండగ. ఒకటో తారీకు చిన్నప్పుడే పోయిన పిల్లల కోసం, రెండో తారీకు పెద్దవాళ్ళ కోసం. ఇంట్లో ఒక బల్ల మీద మెట్లు మెట్లుగా పీఠం కట్టి, పోయినవాళ్ళ ఫోటోలు పెట్టి, వాళ్ళకి ఇష్టమైన తిండి, తియ్యటి రొట్టె, చక్కెరతో చేసిన పుర్రెలు, కొవ్వొత్తులు, ఒక గ్లాసు నీళ్ళు, చిటికెడు ఉప్పు పెడతారు. నీళ్ళెందుకంటే అంత దూరం నడిచొస్తారు కదా దాహమేస్తుంది అంది ఆవిడ. కోపాల్ అని చెట్టు బంక ఒకటి నిప్పుల మీద వేస్తారు, అచ్చం మన సాంబ్రాణి. ఇక బంతిపూల రేకులు గుమ్మం నుంచి పీఠం దాకా బాటలాగా చల్లుతారు, ఆ రంగు, ఆ వాసన పట్టుకుని వాళ్ళు దారి తప్పకుండా ఇంటికి వస్తారట. 2008లో యునెస్కో కూడా ఈ పండగని వారసత్వం లిస్టులో పెట్టింది.

ఇదంతా అక్కడే కూర్చుని అమ్మకి చెప్పాను. "గంటే మన పెత్తరమాస లెక్కనే" అంది. అదే కదా. భాద్రపద అమావాస్య నాడు పొద్దున పెద్దలకి బియ్యమిస్తాం, అదే రోజు సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దున పోయినవాళ్ళు, సాయంత్రం పూలు. ఇంకో సంగతి చెప్తే నమ్మలేదు, బంతిపువ్వు పుట్టిల్లే మెక్సికో. తంగేడు మన మట్టిదే, బంతి మాత్రం సముద్రాలు దాటి వచ్చిన కోడలు. వాళ్ళ పాత భాషలో దాన్ని ఇరవై పువ్వు అంటారు, ఇరవై అంటే రేకులు లెక్కలేనన్ని అని అర్థమట. అమ్మ సీలింగ్ వైపు చూసి, "గయి అసలుయి కావు గదా" అంది. కావు, ప్లాస్టిక్. గుడిమల్కాపూర్ మార్కెట్ అక్కడికి ఎంత దూరమని, కుప్పలు కుప్పలు పోసి అమ్ముతారు, దసరా దాటాక అడిగేవాడుండక రోడ్డు మీదే పారేసి పోతారు. ఆ పండగలో బంతుల పనే రంగుతో, వాసనతో దారి చూపించడం, ప్లాస్టిక్ దండకి వాసనెక్కడిది.

గోడ మీద ఒక పెద్ద బొమ్మ ఉంది, పూల టోపీ పెట్టుకున్న ఆడ అస్థిపంజరం. సర్వ్ చేసే అబ్బాయి వచ్చి "దిస్ ఈజ్ కత్రినా మేడమ్" అన్నాడు, మా వాడు వెంటనే కైఫా అని జోకేశాడు, ఆ అబ్బాయి రోజుకి యాభైసార్లు వింటాడేమో మొహం కూడా మారలేదు. ఆ బొమ్మ మొదట గీసింది పొసాదా అనే ఆయన, 1913లో పోయాడు. యూరప్ దొరల ఫ్యాషన్లు అరువు తెచ్చుకుని మొహాన పౌడర్ కొట్టుకుని సొంత మనుషుల్ని చూసి సిగ్గుపడేవాళ్ళని వెక్కిరిస్తూ గీశాడు. ఆయన గీసింది తల, టోపీ వరకే, 1947లో డియెగో రివేరా అనే ఇంకో చిత్రకారుడు గీసిన పెద్ద గోడ బొమ్మలో దానికి ఒళ్ళు, గౌను వచ్చాయి. జూబ్లీహిల్స్‌లో ఆ బొమ్మ కింద కూర్చుని పెరుగన్నానికి ముక్కు చిట్లించి సవర్ క్రీమ్ తింటున్నాం మేము, పొసాదా చూస్తే ఇంకో బొమ్మ గీసేవాడు.

తిండి గురించి ఎక్కువ రాయను, మీ ఫీచర్ వాళ్ళు రాస్తారు. పనీర్ టాకోలు, చీజ్ పోసిన నాచోస్, మధ్యలో చిన్న గిన్నెలో అవకాడో పచ్చడి, దాని ధర చూసి మా అమ్మకి చెప్పలేదు. రొట్టెలు మైదావి, అమ్మ ఒకటి ఎత్తి చూసి "రుమాలీ రొట్టె" అని తేల్చేసింది. అక్కడి వాళ్ళు మక్కలని సున్నపు నీళ్ళలో ఉడకబెట్టి రాత్రంతా నానబెట్టి, పొద్దున పొట్టు కడిగి రుబ్బుతారు, అదే తమలపాకుకి రాసుకునే సున్నం. దానివల్ల మక్కల్లో ఉండే నియాసిన్ అనే విటమిన్ ఒంటికి పడుతుంది. ఈ సున్నం కిటుకు నేర్చుకోకుండా ఒట్టి మక్కలు మాత్రం తీసుకుపోయి అవే తిని బతికిన దేశాల్లో జనం పెల్లాగ్రా అనే జబ్బు వచ్చి చచ్చారు. హోటల్ అబ్బాయిని అడిగితే "రెడీమేడ్ వస్తాయి మేడమ్" అన్నాడు. ఒక్క ఎర్ర సాస్ మాత్రం బాగుంది, పండిన హలపేన్యో మిరపకాయల్ని పొగబెట్టి ఎండబెట్టి చేసేది. అమ్మ వాసన చూసి, పొయ్యి మీద ఉట్టిలో పెట్టిన మిరపకాయ వాసన అంది, ఆ ఉట్టి నేను కూడా చూశాను చిన్నప్పుడు. మిరపకాయ కూడా అక్కడిదే, పోర్చుగీసు వాళ్ళు పదహారో శతాబ్దంలో తెచ్చేదాకా మనకు కారమంటే మిరియమే అని చెప్తే, "మరి గప్పుడు పచ్చడెట్ల నూరిన్రు" అని భోజనం అయ్యేదాకా అదే ఆలోచన. బయటి నుంచి డబ్బాల్లో తెప్పిస్తామని మెనూలో గొప్పగా రాసుకున్నారు గానీ, మా వరంగల్ చపాటా మిర్చి టమాటా లాగా ఎర్రగా, కారం తక్కువగా ఉంటుంది, 2025లో జీఐ ట్యాగ్ కూడా వచ్చింది, దానికి పొగ పెట్టి చూడమనండి ఒకసారి.

మా వాడు అడిగాడు, నువ్వు అమెరికాలో చూసినదానికంటే ఇది బాగుందా అని. వాడడిగింది కాసా బోనిటా గురించి. అది చెప్పకపోతే నా బాధేంటో మీకు అర్థం కాదు కాబట్టి చెప్తాను.

డెన్వర్ పక్కనే లేక్‌వుడ్ అని ఊరుంది. అక్కడ కోల్ఫాక్స్ అవెన్యూ రోడ్డు మీద ఒక మామూలు షాపుల వరస, మధ్యలో గులాబీ రంగు గోపురం 85 అడుగులు, పైన బంగారు రంగు గుమ్మటం. అదే కాసా బోనిటా. 1974లో తెరిచారు. నేను వెళ్ళినప్పుడు టికెట్ ముందే బుక్ చేసుకోవాల్సి వచ్చింది, మా అమ్మాయి ఎప్పుడో చేసి పెట్టింది. లోపల 52,000 చదరపు అడుగులు, ఎప్పుడు వెళ్ళినా రాత్రే, పొద్దుగూకాక మెక్సికో ఊళ్ళో దీపాలు పెట్టినట్టు ఉంటుంది, గుహలున్నాయి, దొంగల డెన్ ఉంది, తోలుబొమ్మలాట కాదు గానీ చేతిబొమ్మలాట ఉంది. అన్నిటికంటే మధ్యలో 30 అడుగుల జలపాతం, సిమెంటు కొండ, పైనుంచి నిజం మనుషులు కింద గుంటలోకి దూకుతారు. మెక్సికోలో అకాపుల్కో దగ్గర లా కెబ్రాదా అనే కొండ ఉంది, అక్కడ కుర్రాళ్ళు సముద్రంలోకి దూకుతారు, దానికి నకలు ఇది. పక్క టేబుల్ పిల్లాడు నోట్లో ముద్ద పెట్టుకుని నమలడం మర్చిపోయి చూస్తున్నాడు. నేనూ అంతే అనుకోండి.

టేబుల్ మీద ఒక చిన్న జెండా ఉంటుంది. తాడు లాగితే పైకి లేస్తుంది, లేపితే వాళ్ళొచ్చి సోపాపియా అనేది తెచ్చి పెడతారు. మైదాపిండి పూరీ, దిండులా ఉబ్బుతుంది, మూల కొరికి లోపల తేనె పోసుకోవాలి. నేను జెండా మూడుసార్లు లేపాను. పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకునే మన హోటళ్ళకి ఆ జెండా ఒక్కటి తెస్తే చాలు, పుర్రెలెందుకు.

ఆ హోటల్ కరోనాలో మూతపడి 2021లో దివాలా తీసింది. ట్రే పార్కర్, మ్యాట్ స్టోన్ అని కార్టూన్ షో తీసే ఇద్దరు, కొలరాడోలోనే పెరిగినవాళ్ళు, చిన్నప్పుడు పోయిన హోటల్ పోతుందని కొనుక్కున్నారు. బాగుచేయడానికి 4 కోట్ల డాలర్ల పైనే అయింది, 2023లో మళ్ళీ తెరిచారు. వంట మాత్రం మెక్సికోలో పుట్టిన చెఫ్ చేతికిచ్చారు, అంతకుముందు తిండి ఊరంతా జోకులేసుకునేలా ఉండేదని మా అల్లుడు కూడా చెప్పాడు. చూడండి, అది పూర్తిగా అబద్ధం, కొండ అబద్ధం, గుహ అబద్ధం, రాత్రి కూడా అబద్ధమే. పిల్లలకి కూడా తెలుసు అబద్ధమని. అసలు మెక్సికో సిటీలో ఈ పండగకి పెద్ద ఊరేగింపు చేస్తారు కదా, అది కూడా ఒక జేమ్స్ బాండ్ సినిమాలో ఉత్తుత్తిగా తీస్తే చూసి టూరిస్టులు అడుగుతారని 2016 నుంచి నిజంగా మొదలుపెట్టారు. వేషం మీద నాకేం అభ్యంతరం లేదు. మనం ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో తిరిగి పెరిగినవాళ్ళం.

ఇప్పుడు ఫోటో సంగతి.

మా టేబుల్ పక్కన గోడకి ఆ పీఠం కట్టారు. అయిదు మెట్లు, కరెంటు కొవ్వొత్తులు, ప్లాస్టిక్ రొట్టెలు, మధ్యలో టెకీలా సీసాలు అమ్మకానికి. వాటి మధ్య పాత ఫ్రేములు, నలుపు తెలుపు ఫోటోలు. నేను మొదట మెక్సికో వాళ్ళవేమో, ప్రింటు తీసి పెట్టారేమో అనుకున్నాను. అమ్మ చాలాసేపు అటే చూస్తోంది, కంటి ఆపరేషన్ అయ్యాక ఆమెకి నాకంటే బాగా కనిపిస్తుంది. లేచి దగ్గరికి పోయింది. "బిడ్డా, గీమె మన దిక్కు మనిషే" అంది.

లేచి పోయి చూశాను. మొత్తం పద్నాలుగు ఫోటోలున్నాయి, ఒక్కటి కూడా మెక్సికోది కాదు. తలపాగా పెట్టుకున్న ఒకాయన, బాసికాలు తీయని పెళ్ళి జంట, షేర్వానీలో ఒక ముసలాయన, బుగ్గన పెద్ద దిష్టిచుక్కతో బోర్లా పడుకోబెట్టిన చంటిపిల్ల. రెండో మెట్టు మీద అమ్మ చూపించిన ఫోటో. టెకీలా సీసాకి ఆనించి పెట్టారు. అమ్మ ఆ అద్దం మీద వేలు పెట్టింది. ఫోటోలో ఆమె నుదుటి మీద, లోపల కాదు, పైన అద్దం మీద, ఎర్రగా ఎండిపోయిన కుంకుమ. దాని కింద గంధం తెల్లటి మరక. ఒకసారి పెట్టింది కాదు, ఏడాదికోసారి పెట్టి పెట్టి అట్టకట్టింది. ఫ్రేము పైమూలల్లో దండ వేసుకునే రెండు చిన్న మేకులు కూడా ఉన్నాయి.

"ఇది బొమ్మ గాదు బిడ్డా. మొక్కిన ఫోటో" అంది అమ్మ.

మేనేజర్‌ని పిలిచాను. మంచి కుర్రాడే, కోటు వేసుకున్నాడు. ఈ ఫోటోలెవరివి బాబూ అంటే, "ఇంటీరియర్ టీమ్ సోర్స్ చేసింది మేడమ్, వింటేజ్ లుక్ కోసం, లాట్‌గా తెచ్చారు, జుమ్మేరాత్ బజార్ అనుకుంటా" అన్నాడు. వీళ్ళు ఎవరో ఎవరింట్లోనో పెద్దవాళ్ళు కదా అంటే, "కరెక్టే మేడమ్, థీమ్ కూడా అదే కదా, రిమెంబరింగ్ ది డెడ్" అన్నాడు. ఎవరు రిమెంబర్ చేస్తున్నారు బాబూ, పేరే తెలియదు కదా. దానికి అతను కాసేపు ఆలోచించి, "అమ్మగారికి ఇబ్బందిగా ఉంటే టేబుల్ మారుస్తాం" అన్నాడు. ఆ ఫోటో అమ్ముతావా అని అమ్మ అడిగింది, చీర కొంగు ముడి విప్పబోయింది కూడా. అది సేల్‌కి కాదమ్మా, ప్రాపర్టీ అన్నాడు. ఫోటో మా మనిషిది కానప్పుడు దబాయించడానికి మాకేం హక్కుంది, ఊరుకున్నాం.

మాకు సర్వ్ చేసిన అబ్బాయి మాత్రం బిల్లు తెచ్చినప్పుడు అమ్మ పక్కన వంగి మెల్లగా చెప్పాడు, మొహమంతా పుర్రె రంగు, లోపల నుంచి జగిత్యాల యాస. "రాత్రి లైట్లు బంద్ చేసేటప్పుడు ఆమెకు మొక్కి పోతనవ్వా, నాకు గూడ మంచిగనిపియ్యది." పాపం వాడి వయసు ఇరవై కూడా ఉండదు.

ఇంటికొచ్చి మావారికి చెప్పి హోటల్ వాళ్ళని తిట్టిపోశాను. ఆయన అంతా విని, మన ఇంటివి ఎక్కడున్నాయి మరి అన్నారు. నిజం చెప్తున్నాను ఎడిటర్ గారూ, నోట మాట రాలేదు. మా నల్లకుంట పాత ఇల్లు బిల్డర్‌కి ఇచ్చినప్పుడు మూడు రోజుల్లో ఖాళీ చేయాల్సి వచ్చింది. మేడ మీద గదిలో ఒక ఇనప పెట్టె, దాంట్లో మా అత్తగారి తరం వాళ్ళ ఫోటోలు, చెదలు పట్టినవి కొన్ని, మంచివి కొన్ని. అపార్ట్‌మెంట్‌లో ఎక్కడ పెడతాం అని పాత సామాను వాడికి పెట్టెతో సహా ఇచ్చేశాం. కిలోల లెక్కన తూచాడు. తూచింది పెట్టెని, ఫోటోలకి విడిగా ఏమీ ఇవ్వలేదు. మా మామగారి తల్లి ఫోటో కూడా అందులోనే పోయింది, ఇప్పుడు ఆమె మొహం మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఆ పద్నాలుగిట్లో మా మామగారి తల్లి కూడా ఉందేమో, నేను చూసి కూడా గుర్తుపట్టలేదేమో అని. కాబట్టి హోటల్ వాళ్ళది తప్పు అని పూర్తిగా అనలేను, వాళ్ళు కొన్నారు, మాలాంటివాళ్ళం అమ్ముకున్నాం. నగరంలో పాత ఇల్లు కూలినప్పుడల్లా ఇలా ఎన్ని పెట్టెలు బజారుకి పోతున్నాయో.

అయినా ఒక మాట ఆ హోటల్ ఓనర్ గారు మీ పేపర్ చదివితే చెప్పాలి. అయ్యా, పీఠం ఉంచుకోండి, పుర్రెలూ ఉంచుకోండి. ఆ ఫోటోలు తీసి మీ నానమ్మ ఫోటో పెట్టండి, మీ దగ్గర పనిచేసే పిల్లలు వాళ్ళ తాతలవి తెచ్చి పెట్టుకుంటారు, ఆ జగిత్యాల అబ్బాయి తెస్తాననే అన్నాడు. అరోరా పక్కింటావిడ పీఠం మీద ప్రతి ఫోటోకి ఆవిడ ఒక కథ చెప్పింది, ఈ మామయ్య కాఫీలో ఎంత చక్కెర వేసుకునేవాడో దాకా. పేరు తెలియనివాళ్ళ కోసం కూడా వాళ్ళలో కొన్ని చోట్ల ఒక కొవ్వొత్తి విడిగా పెడతారు, తలుచుకునే దిక్కు లేని ఆత్మలకని. మన తర్పణాల్లో కూడా అంతే, ఎవరూ లేనివాళ్ళ పేరు మీద చివర్లో నీళ్ళు వదులుతారు. అది వేరు, సీసా పడిపోకుండా ఆనిక పెట్టడం వేరు.

ఇక నేను అడిగే సాయం. మా వాడు ఆ ఫోటోని ఫోన్‌లో తీశాడు, పేపర్లో వేయమని పంపుదామనుకున్నాను, కానీ వాళ్ళింటి వాళ్ళని అడక్కుండా మేము కూడా అదే పని చేసినట్టవుతుందని ఆగాను. మాటల్లో చెప్తాను, గుర్తుపట్టేవాళ్ళకి చాలు.

కార్డు సైజు కంటే పెద్దది, నల్ల చెక్క ఫ్రేము, కింద కుడిమూల చెక్క కొంచెం కాలినట్టుంది, దీపం తగిలిందేమో. ఆమెకి యాభై దాటి ఉంటాయి. కుర్చీలో నిటారుగా కూర్చుంది, చేతులు రెండూ మోకాళ్ళ మీద. ముక్కుకి రెండు వైపులా పుడకలు, మెడలో గుండ్లపేరు, మోచేతి దాకా జాకెట్, పెద్దంచు చీర. ఎడమ ముంజేతి మీద పచ్చబొట్టు, తులసికోటలా ఉంది, తేలుకాదు. పక్కన ఏడెనిమిదేళ్ళ పిల్లాడు నిక్కరు వేసుకుని కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు, ఒక బూటు లేసు ఊడి ఉంది. ఎవరో ఫోటో కోసం అప్పటికప్పుడు బూట్లు తొడిగినట్టున్నారు, సైజు పెద్దవి. వెనక స్టూడియో పరదా, దాని మీద పాలరాతి మెట్లు, స్తంభాలు, దూరంగా చంద్రుడు గీసి ఉన్నాయి. అప్పటి థీమ్ అది. కింద అట్ట మీద స్టూడియో పేరు చెరిగిపోయింది, సుల్తాన్ బజార్ అన్నంతవరకే చదవడానికి వస్తోంది. ఆ పిల్లాడు బతికుంటే ఇప్పుడు మా అమ్మ వయసు ఉండొచ్చు, అతనే ఈ లెటర్ చదవచ్చు.

గుర్తుపడితే మీ ఆఫీసుకి ఫోన్ చేయమనండి. నా అడ్రస్, నంబర్, ఆ హోటల్ పేరు కవరులో విడిగా పెట్టాను, అచ్చు వేయడానికి కాదు. ఇంటివాళ్ళు వస్తే ఫోటో ఇచ్చేస్తానని మేనేజర్ నోటితో అన్నాడు, పక్కన మా వాడు కూడా ఉన్నాడు, మాట తప్పితే మళ్ళీ వెళ్తాం. మిగతా పదమూడు గురించి కూడా ఎవరైనా అడిగితే నాకు గుర్తున్నంతవరకు చెప్తాను, ముఖ్యంగా ఆ చంటిపిల్ల.

వచ్చే వారమే పెత్తరమాస. నిన్న అమ్మ స్వయంపాకానికి బియ్యం, పప్పు, బెల్లం, గుమ్మడికాయ ముక్క అన్నీ తీసి పెడుతూ మా నాన్నకి, మా అన్నయ్యకి అని విడివిడిగా కట్టి, ఇంకో చేటలో ఇంకొన్ని బియ్యం పోయమంది. ఎవరికమ్మా అంటే చెప్పలేదు, నాకు తెలుసని ఆమెకి తెలుసు. అయ్యగారు పేరు, గోత్రం అడుగుతారు కదా, అప్పుడేం చెప్పాలి అంటే, "నువ్వు పేపర్కు రాయి ముందుగాల" అంది. అందుకే ఇంత తొందరగా రాస్తున్నాను, వీలైతే ఆ లోపే వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు, నల్లకుంట